రోకలి పొన్ను, కారు స్టీరింగు

కారు పంపితేనే వస్తానంది బుల్లమ్మత్త.

ఆవిడ మా నాన్నకి అక్క. కళింగపట్నంలో ఉంటుంది. మా అక్క పెళ్లికి ఆటో పంపామని సగం దారిలో దిగి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నా పెళ్లి. పసుపు కొట్టేనాడు రోకలితో తొలిపోటు ఇంటి ఆడపడుచు వెయ్యాలి. ఈసారి కూడా రాకపోతే అక్కతో తెగిపోయినట్టేనని నాన్న అన్నం సరిగ్గా తినడం లేదు.

ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని ఎవరితో మెత్తగా మాట్లాడాల్సి వచ్చినా ఫోను నా చేతిలో పెడతారు.

"బస్సయితే నేనే వచ్చి దగ్గరుండి తీసుకొస్తాను అత్తా," అన్నాను.

"బస్సెందుకే గుంటా. భోగాపురంలో ఇమానాలు దిగుతాయంట గదా. అంతవరకూ ఆగి ఇమానంలోనే వస్తాను."

అసలే ముహూర్తాల రోజులు. నరసన్నపేటలో బాడుగ కార్లన్నీ ఎవరో ఒకరి పెళ్లికి పోయాయి. మిగిలింది మురళీమోహన్ బావ కారు. బావంటే మా అక్క మొగుడు. మా ఇంటి పక్క షెడ్డులోనే కార్లు బాగుచేస్తాడు, తన కారు తప్ప. దాని స్టీరింగు తిప్పితే చక్రం కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగేది. గుంతలో పడితే కింద లడలడమనేది.

పసుపు కొట్టడానికి ముందురోజు పొద్దున్నే బావ కారు కింద దూరాడు.

"ర్యాక్ ఎండు పోయింది, స్టీరింగుని సక్రానికి కలిపే కీలు," అన్నాడు కిందనుంచే. "కొత్తది తెచ్చేను. పాతది ఇప్పడమే కష్టం. లోపలికి దూరిపోయి ఉంటాది, పానా పట్టదు. దానికి వేరే పనిముట్టుంటాది, విశాఖపట్నంలో దొరుకుతాది."

"తెప్పించొచ్చు కదా బావ."

"అది వచ్చేసరికి నీకు పిల్లలు పుడతారు."

బయటికొచ్చి పాత సామానులోంచి పొడుగాటి ఇనప గొట్టం లాగాడు. దీన్ని చక్రం వైపు రాడ్డు మీదుగా తొడిగి, లోపలి చివర ర్యాక్ ఎండుని పట్టి తిప్పితే చాలన్నాడు. కానీ గొట్టం పల్చన. గట్టిగా తిప్పితే మూతి విచ్చుకుంటుంది. మూతికి మందమైన ఇనప కట్టు కావాలి.

"ఇంతది," అని వేళ్లు గుండ్రంగా చుట్టి చూపించాడు.

సరిగ్గా అప్పుడు నా చేతిలో రోకలి ఉంది. ఏడాదంతా అటక మీద ఎండి కర్ర సన్నబడింది, అడుగునున్న ఇనప పొన్ను వదులైంది, నీళ్లలో నానబెట్టమని అమ్మ ఇచ్చింది. తొట్టిలో దించబోతుంటే పొన్ను ఊడి, దొర్లుకుంటూ వెళ్లి బావ కాళ్ల దగ్గర ఆగింది. బావ దానికేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు.

"వద్దు బావ."

"నానేటన్నాను?"

"నీ మొహం అంటోంది."

"నా మొహం ఎప్పుడూ ఇలగే ఉంటాది. మీ అక్కనడుగు."

అంటూనే పొన్ను తీసి గొట్టం మూతికి ఆనించాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది.

"అది నాన్నమ్మది బావ. అత్తకీ అమ్మకీ గొడవే దాని మీద," అన్నాను. నిజమే. నాన్నమ్మ పోయాక ఆ రోకలి గుర్తుగా ఇమ్మని అత్త అడిగింది. రోకలి ఇల్లు దాటకూడదని అమ్మ ఇవ్వలేదు.

"పొన్ను రోకలికుంటే మీ అత్త రాదు. అత్తొస్తే రోకలికి పొన్నుండదు. ఏది కావాలో సెప్పు. సదువుకున్నదానివి."

నా చదువులో ఇలాంటి ప్రశ్న ఎక్కడా రాలేదు. కాసేపు నాన్న మొహం తలుచుకున్నాను.

"వెల్డింగు చెయ్యి," అన్నాను.

ర్యాక్ ఎండుకి రెండు పక్కలా చదును ఉంటుందట. ఆ చదునుని పట్టుకోడానికి పొన్ను లోపల ఎదురెదురుగా రెండు ఇనప ముక్కలు అతికించాడు. పొన్నుని గొట్టానికి అతికించాడు. రెండో చివర బెజ్జం పెట్టి అడ్డంగా కడ్డీ దూర్చాడు. కారు కింద దూరి, నన్ను జాకీ దగ్గర కూర్చోబెట్టి, కడ్డీ తిప్పాడు. కిర్రుమని కదిలింది.

"మీ నాన్నమ్మ పట్టు గట్టిదే," అన్నాడు.

రోకలి సంగతి మిగిలింది. పాత బేరింగు బయటి రింగు ఒకటి తెచ్చి దిగ్గొట్టాడు. అద్దంలా మెరుస్తోంది, అంచున కంపెనీ అంకెలతో. దాని మీద పసుపు ముద్ద నేను రాశాను. ఆరాక ఇంకోసారి రాశాను.

"ఎంత భక్తే నా తల్లికి," అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న అత్త కోసం నేనూ బావా వెళ్లాం. కారు దారం పట్టి గీసినట్టు తిన్నగా నడిచింది. అత్త ముందు సీట్లో కూర్చుని కిందకి చూసింది.

"ఇదేటి అల్లుడా ఈ గొట్టం?"

"స్టీరింగు పనిముట్టు పెద్దమ్మా. మేవే సేసేం," అన్నాడు బావ. అది దించడం ఇద్దరం మర్చిపోయాం.

"కాలు పెట్టుకోడానికి బాగున్నాది." రెండు కాళ్లూ దాని మీద పెట్టుకుంది. దారిలో ఒక ఊరొస్తే, "ఇక్కడ మెల్లగా పోనీ. మా తోటికోడలి పుట్టిల్లిది. హారను కొట్టు," అంది.

ఇంటికొచ్చేసరికి నాన్న వీధిలోకి ఎదురొచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. అంతా సవ్యంగానే ఉంది. ముత్తయిదువలు రోలు చుట్టూ చేరారు. అత్త రోకలెత్తి తొలిపోటు వేసింది.

ఖణేల్మంది.

అత్త ఆగింది. రోకలి తలకిందులు చేసి బొటనవేలితో పసుపు తుడిచింది. ఇంకొంచెం తుడిచింది.

"సుభద్రా, మా అమ్మ పొన్ను మీద అంకెలెప్పుడు పడ్డాయే?" అని అమ్మని అడిగింది.

అమ్మ నాకేసి చూసింది. నేను బావకేసి చూశాను. బావ కారుకేసి చూశాడు. ఇంక దాచడం నావల్ల కాలేదు. పొన్ను ఊడిన దగ్గర్నుంచి వరసగా చెప్పేశాను. బావ వెళ్లి గొట్టం తెచ్చాడు.

"అయితే దారంతా మా అమ్మ పొన్ను మీద కాళ్లెట్టుకొచ్చేనా?"

నాన్న అరుగు మీద కూలబడ్డాడు. అత్త గొట్టం అందుకుంది, నిలబెట్టి చూసింది. ఆవిడ భుజం దాకా వచ్చింది. చెంబుడు నీళ్లతో పొన్ను కడిగింది.

"బొట్టెట్టు సుభద్రా."

"వదినా, అది కారుది గదా..."

"నన్ను తెచ్చింది ఇదే గదా. ఎట్టు."

అమ్మ బొట్టు పెట్టింది. అత్త గొట్టంతోనే పోటు వేసింది. పసుపు కొమ్ము ఒకటి ఎగిరి గొట్టంలో ఇరుక్కుంది. ముందు నవ్వింది అత్తే. తర్వాత నాన్న.

భోజనాలయ్యాక అత్త గొట్టం భుజాన వేసుకుని కారు దగ్గర నిలబడింది.

"వదినా, రోకలి ఇల్లు దాటకూడదు," అంది అమ్మ.

"రోకలి నీ మూలనే ఉన్నాది, సూసుకో. ఇది గొట్టం."

అమ్మ నిజంగానే లోపలికెళ్లి రోకలి చూసుకొచ్చింది.

నా పెళ్లి బాగానే జరిగింది. ఇబ్బందంతా బావకే. షెడ్డుకి స్టీరింగు లడలడలాడే కారొచ్చినప్పుడల్లా కళింగపట్నం పరిగెత్తాలి. అత్త గొట్టాన్ని ఒంటరిగా పంపదు. ముందు సీట్లో కూర్చుని తనే తెస్తుంది. షెడ్డులో కుర్చీ వేయించుకుని, కారు కిందకి వంగి చూస్తూ, "మా అమ్మని మెల్లగా తిప్పు అల్లుడా," అంటుంది.