కోడిని తినేది

మాహీన్‌దొఖ్త్ టెహ్రాన్‌లో పాత ఇరాన్ భాషలు చదువుతోంది. పిట్టల పేర్లు ఎలా పుట్టాయో తేల్చాలని టేప్‌రికార్డరు మోసుకుంటూ యజ్ద్ కొండల్లోని ఒక జరతుష్ట్ర మతస్థుల పల్లెకు వచ్చి, ఖొర్మన్ అనే ముసలమ్మ ఇంట్లో దిగింది. మూడు రోజులైనా కొత్త మాటొక్కటీ దొరకలేదు.

"అమ్మమ్మా, రాబందును ఏమంటారు?"

"కర్గస్. అందరూ అనేదే. ఇందుకోసం ఇంత దూరం రావాలా తల్లీ? టెహ్రాన్‌లో జనానికి నోళ్లు లేవా?"

అంతలో కోళ్లు తిరుగుతున్న పెరట్లో నీడ పడింది. డేగ! ఖొర్మన్ జల్లెడ విసిరేసి లేచింది.

"కర్క్! కర్క్! నిలబడి చూస్తావేమే, కర్క్‌లను లోపలికి తోలు!"

మాహీన్ కాళ్లు కదల్లేదు. టెహ్రాన్‌లో కోడిని అందరూ మొర్గ్ అనే అంటారు. ఈ మాటకు మూలం ఆమె పాత మతగ్రంథంలో చదివిందే గాని, మనిషి నోట వినలేదు.

"ఏమన్నావు? మళ్లీ అను!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! డేగ ఎత్తుకుపోతుంటే మళ్లీ అనమంటావా?"

ఇద్దరూ దానిమ్మ చెట్ల మధ్య పడుతూ లేస్తూ పరుగెత్తారు. డేగ రెండు ఈకలతో సరిపెట్టుకుని పోయింది. మాహీన్ ఒక కోడిని గుండెకు హత్తుకుని ఎగిరి గంతేసింది.

"అమ్మమ్మా! కోడిని పూర్వం 'కహర్క' అనేవాళ్లు. కర్గస్ అంటే ఆ కోడిని తినేదని! చచ్చిపోయిందనుకున్న మాట నీ పెరట్లో గింజలేరుకుంటోంది!"

"చాల్లే. రాబందు కళేబరాలు తింటుంది గాని, బతికున్న కోడి జోలికి ఎప్పుడొచ్చింది? డేగ చేసిన దొంగతనాన్ని ఎవడో పాపం దాని నెత్తిన రుద్దాడు."

మాహీన్ నవ్వు ఆపుకోలేక ఆ మాట కూడా రాసుకుంది. వెంటనే కొండ దిగి టెలిఫోను ఆఫీసుకు పరుగెత్తింది. ఆమెకు చదువు చెప్పే ప్రొఫెసరు కూడా సంబరపడ్డాడు. కానీ, "ఒక్క నోటి మాట చాలదమ్మా, పది నోళ్లు కావాలి" అన్నాడు.

పొద్దువాలేసరికి తిరిగొచ్చి చూస్తే, చంకల్లో కోళ్లతో ఊరి ఆడవాళ్లంతా పెరట్లోనే ఉన్నారు. కోడిని ఏమంటారో చెప్పడానికి రమ్మని ఖొర్మన్ కబురు పెట్టిందట.

"కర్క్ కాదే, కర్గ్!" అంటోంది పైవీధి ఫిరూజే.

"మీ పైవీధి వాళ్లకు నోరు తిరిగితే కదా!" అంది ఖొర్మన్.

"ఒక్కొక్కరే చెప్పండమ్మా!" అని మాహీన్ బతిమాలింది. ఎవరూ వినలేదు. ఆమె రికార్డరు మీట నొక్కి, ఆ గోల మధ్యలో చతికిలబడింది.