అక్క చెరిపేసిన ఉత్తరం

పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో అక్క, రెండు వీధుల అవతల ప్రెస్సులో చెల్లి కంప్యూటర్లు తెరిచేవాళ్ళు. ఇద్దరికీ ఒకటే మెయిల్. ఆర్డర్లు అక్క చూసేది, అచ్చు చెల్లి వేసేది. ఇక్కడ చదివితే అక్కడా చదివినట్టే, ఇక్కడ చెరిపితే అక్కడా పోయినట్టే.

మెయిలొక్కటేనా? అక్క టైపు చేస్తే ప్రెస్సులో కీలు వాటంతటవే దిగేవి. చెల్లి తుమ్మితే ఇంట్లో కాగితాలు ఎగిరేవి. అక్క టీ గ్లాసు పెడితే చెల్లి బల్ల మీద తడి గుండ్రం పడేది.

"అక్కగారి టీ వేళయింది, కాస్త జరగండి," అంటూ ప్రెస్సుకొచ్చినవాళ్ళు తమ కాగితాలు పక్కకు తీసుకునేవాళ్ళు.

ఇంత కలిసున్నా ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒక పెళ్ళి కార్డులో తేదీ తప్పు పడింది. మార్చమని మెయిల్ పెట్టామన్నారు పెళ్ళివాళ్ళు. రాలేదంది చెల్లి. అక్క నలుగురిలోనూ ఆమెను కడిగేసింది. ఆ సాయంత్రమే చెల్లి బట్టలు సర్దుకుని ప్రెస్సు మేడమీది గదికి మారిపోయింది.

ఇప్పుడు దూరపు ఊళ్ళోని పెద్ద ప్రెస్సు చెల్లిని రమ్మంది. రంగుల అచ్చు విభాగం, ఆమె ఎన్నాళ్ళనుంచో కలలుగన్న పని. ఆ సాయంత్రం ఐదింటిలోగా జవాబివ్వాలి. "వస్తున్నాను" అని రాసిందేగానీ పంపలేదు. వెళ్ళేలోపు అక్క ఒక్క మంచిమాట అంటే బావుండునని ఆశ.

రోజూ నాలుగు నుంచి ఐదు దాకా చెల్లి వెనక గదిలో మిషను దగ్గరుండేది. ఆ గంటలోనే అక్క తన మనసులో మాటలు టైపు చేసుకుని, చెరిపేసుకునేది. ఆ రోజు జవాబు సంగతి తేలక చెల్లి మిషను ఆపేసి బల్ల దగ్గరే కూర్చుంది.

నాలుగున్నరకు కీలు కదిలాయి.

"ఆ తేదీ మెయిల్ వచ్చిందే. నేనే పొరపాటున చెరిపేశాను. నిన్ను తిట్టాక గుర్తొచ్చింది. చెప్పడానికి నోరు రాలేదు."

తర్వాత చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే మాయం కాసాగింది. కీల మీద టపటపా నీటిబొట్లు పడ్డాయి.

చెల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. కీలు తుడిచి టైపు చేసింది: "చెరపకక్కా. చూశాను."

ఇంట్లో అక్క చెరపడం ఆపేసింది.

కాసేపటికి చెల్లి తన జవాబు తెరిచి "వస్తున్నాను" చెరపబోయింది. కోపమే పోయాక ఇంక వెళ్ళడం దేనికి? చెరిపిన అక్షరమల్లా తిరిగొచ్చింది. మళ్ళీ చెరిపింది. మళ్ళీ వచ్చింది. దాని కిందే ఇంకో ముక్క పడింది:

"నామీద కోపంతో పోతున్నావనే నా బాధ. పని కోసమైతే వెళ్ళవే, మొద్దూ!"

ఐదుకు రెండు నిమిషాలుండగా పంపే మీట దానంతటదే దిగింది. మొద్దుతో సహా ఉత్తరం పెద్ద ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

"అయ్యో అక్కా!" అని నెత్తి కొట్టుకుని, తలుపుకు తాళమైనా వెయ్యకుండా చెల్లి ఇంటికి పరుగెత్తింది.