జవాబుల్లేని నోట్స్

“నోట్స్ ఎక్కడిదాకా వచ్చాయోయ్?” అని గదిలోంచి కేకేశారు మావారు, వంట ఎక్కడిదాకా వచ్చిందని అడిగినట్టే. గిన్నెలు తోముతున్న నేను “అవుతున్నాయండీ” అన్నాను, అలవాటు కొద్దీ.

మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ప్రమోషన్ పరీక్ష ఆయన రెండుసార్లు రాశారు, రెండుసార్లూ నోట్స్ నేనే రాసిపెట్టాను. ఆయన వాటి మీద రంగు పెన్నుతో గీతలు గీశారు. ముఖ్యమైనదేదో వదిలిపోతుందని పేజీకి పేజీ గీసేశారు, మహానుభావుడు! తప్పినప్పుడు మాత్రం మా అత్తగారు “నీ నోట్సులోనే పస లేదేమోనే” అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. రాసిన నాకు అంతా నోటికొచ్చింది, చదివినాయనకి రాకపోతే పస ఎక్కడ లేనట్టు? అందుకే ఈసారి నేనూ దరఖాస్తు పెట్టాను. “ఇద్దరం పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే వంటెవరు చేస్తారు?” అని నవ్వారాయన. టేబులూ, లైటూ, తలుపున్న గదీ ఆయనకే ఉండిపోయాయి. నాకు సింకు మిగిలింది.

సరే, సింకే కానీ అనుకున్నాను. పాఠం చదివి, పుస్తకం మూసి, ప్రశ్నలు మాత్రమే రాసుకుంటాను. జవాబులు గిన్నెలు తోముతూ పైకి చెప్పుకుంటాను. నోరు తడబడితే చేతులు తుడుచుకుని మళ్లీ పుస్తకం తెరుస్తాను. నాలుగు రోజులాగి అవే ప్రశ్నలు మళ్లీ వేసుకుంటాను. “ఎవరితోనే ఆ మాటలు?” అన్నారోసారి అత్తగారు. “నాతోనే అత్తయ్యా, ఇన్నాళ్లకి కుదిరింది” అన్నాను. నాతో నేను అంత హాయిగా మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో!

పరీక్ష ఇంకో వారం ఉందనగా ఆయనే వంటింట్లోకొచ్చి నా నోట్స్ తీసుకున్నారు. తిరగేసి తెల్లబోయారు.

“ఇదేంటి, అన్నీ ప్రశ్నలే! జవాబులేవీ?”

“నాకొచ్చండీ.”

“నీకొస్తే నాకేం లాభం?”

అత్తగారు అందుకున్నారు. “పోనీ వాడికి రాసివ్వచ్చుగా? ఎవరు పాసైతేనేం, జీతం ఇంటికేగా వచ్చేది!”

మునుపైతే ఆ మాటకి తలూపి పెన్ను తీసేదాన్నే.

“నిజమే అత్తయ్యా, ఎవరు పాసైతేనేం? ఈసారి నేనవుతాను.”

చేతిలో పీచు ఆయనకి అందించాను. “ప్రశ్నలన్నీ ఉన్నాయిగా, తోముతూ చెప్పుకోండి. బాగా గుర్తుంటాయి” అని, లైటున్న గదిలోకెళ్లి తలుపేసుకున్నాను.