డ్రైవరు సీసాలో కూడిక గుర్తులు

ఆ రోజుకు అది నలభై మూడో సీసా. ఆసుపత్రి మూత్రపరీక్షల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ల్యాబక్క అంటారు. పన్నెండు దాటేసరికే ఆమెకు కళ్ళు లాగుతున్నాయి, నడుం పట్టేసింది. సీసా మీద చీటీ చదివింది. బస్సు డ్రైవరు, నలభై ఆరేళ్ళు, కాళ్ళవాపు.

మైక్రోస్కోపు కింద చుక్క వేసి చూస్తే గుండ్రటి బిందువులు మెరిశాయి. గడియారాలు బాగుచేసే తమ్ముడు పాత కాలిక్యులేటరు తెర నుంచి ఊడదీసిచ్చిన, వెలుగును ఒకే దిశలో పోనిచ్చే నల్లటి పొరలు రెండు డ్రాయర్లో ఉన్నాయి. గాజుపలకకు ఒకటి కింద, ఒకటి పైన, ఒకదానికొకటి అడ్డంగా పెట్టింది. అంతా చీకటైంది. ఆ చీకట్లో ఒక్కో బిందువూ నాలుగు వెలుగు ముక్కలై, నడుమ నల్లటి కూడిక గుర్తు తేలింది.

మూత్రపిండాలు చెడి మూత్రంలోకి కొవ్వు దిగుతున్నప్పుడు కనిపించే గుర్తది. నీళ్ళలా జారుతూనే లోపల స్ఫటికంలా వరసగా పేర్చుకుని ఉండే కొవ్వు. కాలిక్యులేటరులో అంకెలు చూపించేదీ ఈ జాతి సరుకేనని పొరలిచ్చిన రోజు తమ్ముడు చెప్పాడు.

డాక్టరుకు ఫోన్ చేసింది.

"గ్లౌజుల పొడి కూడా అలాగే కనిపిస్తుంది కదండీ. పోయినేడాది సంగతి మర్చిపోయారా?" అన్నాడాయన.

ఎలా మర్చిపోతుంది? పొడిని కొవ్వనుకుని ఓ ముసలావిడను వారం రోజులు మంచం మీద పడుకోబెట్టించింది. అందరి ముందూ చీవాట్లు తింది.

గ్లౌజులకు పూసే పొడి గంజిపిండే, అయోడిన్ తగలగానే నీలమవుతుంది; కొవ్వు కాదు. చుక్క వేసింది. కొన్ని నీలమయ్యాయి, కొన్ని కాలేదు. రెండూ కలిసి ఏడ్చాయన్నమాట. వదిలేసినా అడిగేవాళ్ళు లేరు. ఉసూరుమంటూ లేచి వరండాలోకి వెళ్ళింది. డ్రైవరు బూట్ల తాళ్ళు వదులుచేసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి ఇవ్వాలి బాబూ."

"పొద్దున ఇచ్చాను కదమ్మా. రెండింటికి డ్యూటీ ఉంది. తిప్పగానే రావడానికి ఇదేమన్నా కుళాయా?"

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. "తప్పు నాదే. నా గ్లౌజుల పొడి కలిసింది."

"పెద్ద జబ్బేమన్నానా?"

"తెలీదు. తెలిస్తే మిమ్మల్ని ఇలా కూర్చోబెట్టేదాన్ని కాదు."

అతను కాసేపు ఆమె మొహంలోకి చూసి, మంచినీళ్ళ కోసం లేచాడు.

ముప్పావుగంట పట్టింది. ఈలోగా ఆమె పై అంతస్తుకెళ్ళి పొడి లేని గ్లౌజులు అడిగి తెచ్చుకుంది. కొత్త సీసా, కొత్త గాజుపలక తీసింది. భోజనం సంగతి గుర్తే లేదు. ఈసారి అయోడిన్‌కు ఒక్కటీ నీలమవలేదు. పొరలు పెడితే కూడిక గుర్తులు అలాగే ఉన్నాయి.

డాక్టరును కిందికి రమ్మంది. ఆయన విసుగ్గా వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు.

"సరే. ప్రొటీన్, కొలెస్టరాల్ కూడా చెయ్యండి. వార్డులో మంచం ఖాళీ ఉందేమో కనుక్కుంటాను," అని వెళ్ళిపోయాడు. ఆమె అంతకంటే ఏమీ ఆశించలేదు.

"అయితే జబ్బు ఉందన్నమాట," అన్నాడు డ్రైవరు, ఆమె వరండాలోకి రాగానే.

"ఉంది. మందులూ ఉన్నాయి."

అతను డిపోకు ఫోన్ చేసి, రెండింటి బండికి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. తర్వాత బూట్లు పూర్తిగా విప్పేశాడు.

వాపు దిగడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ అతనికి బండి ఇవ్వలేదు, టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఇదంతా ఆమెకు నర్సు ద్వారా తర్వాతెప్పుడో తెలిసింది.

పరీక్ష చేసిన రోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పులు విడిచి గోడకానుకుని కూర్చుండిపోయింది. "ఏమైంది?" అన్నాడు భర్త. మొదటినుంచీ చెప్పాలంటే చాలా ఉంది. "పని ఎక్కువైందండీ," అని అక్కడే కళ్ళు మూసుకుంది.