తొంభై వోల్టుల రేడియో

పాత రేడియోలంటే పడిచచ్చే రేడియో తాత పాతసామాన్ల కొట్టులో కొన్న రేడియో పెట్టెకు కంపెనీ పేరూ లేదు, కరెంటు తీగా లేదు. వెనక మూత విప్పి లోపలి వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు, చూడగానే ఆయన మొహం చేటంతయింది.

"ఇది బ్యాటరీ సెట్టే! తొంభై వోల్టులిస్తే పలుకుతుంది."

అంత పెద్ద బ్యాటరీ ఇప్పుడెక్కడా దొరకదు. అందుకని టార్చిలు, రిమోట్లు, గోడ గడియారాలు అన్నిటినీ ఖాళీ చేసి, అవీ చాలక పక్కింటి మీద పడి, ఒక్కోటి ఒకటిన్నర వోల్టుల చిన్న బ్యాటరీలు అరవై వరసగా కలిపాడు. వాల్వులు వెలగడానికి ఇంకొకటి విడిగా పెట్టాడు.

భార్య అగ్గిమీద గుగ్గిలమైంది. "ఇంట్లో ఒక్క గడియారమూ తిరగట్లేదు. ఇప్పుడు టైమెంతో నాకెవరు చెప్తారు?"

తాత స్విచ్చి తిప్పాడు. పెట్టె గరగరమని గొంతు సవరించుకుని, "సమయం ఆరు గంటల ఐదు నిమిషాలు" అంది.

ఆవిడకు నవ్వాగలేదు.

"అయితే ఆ గడియారం మేకుకి దీన్నే తగిలించండి!"