ఎర్ర చొక్కా కుక్క, తడిసిన బూటు

అమెరికాలోని విచిటా విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోసే ఆర్విల్ బూటు మీద కాలెత్తే కుక్క ఇంకా పుట్టలేదు. ఆ ఆర్విల్‌ని నేనే. నన్ను చూస్తే కుక్కలు తోక ముడిచి గోడ వారగా పోతాయి.

వెనకటికి ‘ఓదార్పు జంతువు’ అని ఒకటుండేది. డాక్టరు చీటీ ఒకటి తెస్తే చాలు, పందిపిల్లయినా బాతయినా యజమానితో పాటు విమానమెక్కేది. ఒకావిడ ఏకంగా టర్కీ కోడిని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. అది లేకపోతే ఆవిడకి బెంగట. కోడి బెంగ ఎవరూ అడగలేదు. చూసి చూసి సర్కారు నిబంధన మార్చింది. ఒంటి జబ్బో మనసు జబ్బో ఉన్న మనిషికి పనికొచ్చే పని నేర్చిన కుక్కకే ఇక చోటు. పక్కన కూర్చుని ప్రేమగా చూడడం పని కిందికి రాదు. ఆ దెబ్బకి దేశంలోని ఓదార్పు కుక్కలన్నీ తెల్లారేసరికి పట్టభద్రులైపోయాయి. ఇంటర్నెట్‌లో పని కుక్కలు వేసుకునే ఎర్ర చొక్కా కొని తొడిగితే చదువైపోయినట్టే.

అలాంటి పట్టభద్రుడే సీజర్. దూడంత ఉండే పూడిల్ జాతి కుక్క. దాని యజమాని ఫెంటన్ ఇళ్ళు అమ్మిపెట్టే మనిషి, నవ్వు కూడా అమ్మకానికి పెట్టినట్టే ఉంటుంది. అంత కుక్కని సామాన్ల అరలో వేస్తారని చొక్కా తొడిగించి, పని నేర్చిన కుక్కేనని సర్కారు పత్రం మీద సంతకం గిలికి తెచ్చాడు.

ఫెంటన్ విమానమెక్కాల్సిన గేటు దగ్గరే కొరీన్ కూడా ఉంది. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. గుంపులో ఉంటే ఆమెకి ఊపిరాడదు. ఆమె కుక్క హాంక్‌కి ఒక చెవి సగమే, చొక్కా లేదు. స్పోకేన్‌లో ఆమె తమ్ముడికి మర్నాడు పొద్దున్నే గుండె ఆపరేషన్. మళ్ళీ కళ్ళు తెరుస్తాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆ విమానం తప్పితే ఆలోగా చేరే దారి లేదు.

సీజర్ వస్తూనే హాంక్ మీదికి పళ్ళు చూపిస్తూ దూకింది. హాంక్ కిక్కురుమనలేదు. గేటు పెద్ద కిర్బీకి న్యాయం కంటే నిశ్శబ్దం ఇష్టం. గొడవపడ్డ కుక్కలు రెండూ ఇక్కడే ఆగిపోవాలన్నాడు.

కొరీన్ శ్వాస అందక నేల మీద కూర్చుండిపోయింది. ఎవరూ చెప్పకుండానే హాంక్ ఒళ్ళోకెక్కి తన బరువంతా ఆమె మీద మోపాడు. మెల్లగా ఊపిరి కుదుటపడింది.

టికెట్లు చూసే నాడీన్‌కి మండింది. "అడగాల్సింది అడగకుండా ఎట్లా ఆపుతావు కిర్బీ?" అంది. నిబంధన ప్రకారం జబ్బేమిటని అడగకూడదు, కుక్క ఏ పని నేర్చిందో అడగొచ్చు. ముందు ఫెంటన్ని అడిగింది.

మా ఊరి మగాళ్ళ సంగతి మీకు చెప్పాలి. పెళ్ళాం మీద ప్రేమ ఉందని చెప్పడానికి గొణుగుతారు. కుక్క మీద ప్రేమంటే మైకు అడుగుతారు.

"పనా? మా సీజర్ పని చెయ్యడమేంటమ్మా?" అన్నాడు ఫెంటన్ గేటంతా వినబడేలా. "నన్ను ప్రేమిస్తాడు. వాడు పక్కనుంటే నాకు హాయి. అంతే, ఇంకేం కావాలి?"

తన గొయ్యి తనే తవ్వుకుని, అందులో హాయిగా కూర్చున్నాడు.

కొరీన్ని అడిగితే, "ఊపిరాడనప్పుడు మీదెక్కి అదుముతాడు. ఇందాక చూశారుగా," అంది.

కిర్బీ ఇంకా నసుగుతున్నాడు. ఫెంటన్ పత్రం ఊపుతున్నాడు. అప్పుడు సీజర్ తీరిగ్గా నడిచొచ్చి, నా బూటు వాసన చూసి, కాలెత్తింది. మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప వెచ్చగా మేజోడులోకి దిగింది.

"ఈ విద్య కూడా పత్రంలో రాశావా నాయనా?" అన్నాను.

గేటు దగ్గర మలమూత్రాలకి దిగిన కుక్క ఏ పత్రంతోనూ విమానమెక్కదు. కిర్బీ హాంక్‌ని వెళ్ళమన్నాడు, సీజర్‌ని ఆపేశాడు. కేసు వేస్తానన్నాడు ఫెంటన్.

"వెయ్యి బాబూ," అన్నాను. "సాక్ష్యానికి బూటు పట్టుకొస్తా. ఉతకను కూడా ఉతకను."

హాంక్ కొరీన్ వెంట విమానమెక్కి, ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకున్నాడు. పైలట్ తలుపు దగ్గర నిలబడి వాడికి సెల్యూట్ కొట్టాడు. తమ్ముడిని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేదాకా అతని చెయ్యి వదల్లేదని తర్వాత నాడీన్‌కి ఫోను చేసి చెప్పింది కొరీన్. అతను కళ్ళు తెరిచాడు కూడా.

ఇదంతా నిజమే, బూటుతో సహా. పైలట్ సెల్యూట్ ఒక్కటే నేను కల్పించింది. ఆయన అప్పుడు శాండ్‌విచ్ తింటున్నాడు. సెల్యూట్ కొట్టింది నేను, ఒంటి బూటుతో.