పిండి చల్లిన పారాచూట్

ఆ ఇంట్లో ఏ పనైనా పూర్తి చేసేది ఆయనే. మొదలుపెట్టింది ఎవరన్నది ఆయనకు పట్టదు. భార్య స్వెట్టర్ అల్లుతూ సగంలో పక్కన పెడితే, మర్నాటికి అది పూర్తయి కుర్చీకి వేలాడుతూ ఉండేది. ఆవిడ బల్లకు రంగు వేస్తుంటే, కాళ్ళ దాకా వచ్చేసరికి బ్రష్ ఆయన చేతికి మారిపోయేది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ కదా, ఆ చేతులు ఊరికే ఉండలేవని చుట్టాలంతా వెనకేసుకొచ్చేవారు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని ముక్కున వేలేసుకునేవారు. బేకరీలో రొట్టెల పిండి పిసికే ఆ అదృష్టవంతురాలికి మాత్రం ఆ చేతులు చూస్తేనే వెగటు పుట్టేది. ఆవిడ బాధ తెలిసింది చెల్లెలికి ఒక్కదానికే. బావకు 'ఇటివ్వు' అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. పొద్దున లేచింది మొదలు ఆయన నోట వచ్చే మాట అదే మరి.

బేకరీ వెనక మైదానంలో ఆదివారాలు కొందరు చిన్న చిన్న రాకెట్లు ఎగరేసేవారు. ఖాళీ ట్రేలు కడుగుతూ ఆవిడ చూసేది. మూరెడు అట్టగొట్టం బుస్సుమని పైకి పోయి, ముక్కు ఊడి, లోపలి పారాచూట్ విప్పుకుని తీరిగ్గా దిగి వచ్చేది. మొదటి నుంచి చివరి దాకా తన చేతులతో చేసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అలా పైకి పోవాలని ఆవిడకు గట్టిగా అనిపించింది. బతుకులో తాను పూర్తి చేసిన వస్తువు ఏదైనా ఉందా అని వెతుక్కుంటే రొట్టెలు తప్ప ఏమీ కనబడలేదు. అవీ సాయంత్రానికి జనం తినేస్తారు.

రాకెట్ విడిభాగాల కిట్టు కొనడానికి వెళ్తే ఆయనా పిలవకుండానే వెంట వచ్చాడు. రాగానే ఆయన చెయ్యి పై అరలోని పెద్ద డబ్బా మీద పడింది. కొట్టు నడిపే ఆవిడ దాన్ని మర్యాదగా లాక్కుని మళ్ళీ అరలో పెట్టింది. మొదటిసారికి చిన్నదే మేలనీ, రెక్కలు వెడల్పుగా, మోటారు చిన్నదిగా ఉండాలనీ, మరీ ఎత్తుకు పోనిదైతేనే తిరిగి చేతికి దొరుకుతుందనీ చెప్పింది. రెక్కలు ముందే అతికించి ఉన్నవీ చూపించింది. ఈవిడ అతికించని దాన్నే తీసుకుంది. పారాచూట్ మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా కాస్త పౌడర్ చల్లమని కొట్టావిడ చివరగా చెప్పింది.

గమ్ ఆరడానికి టైం పడుతుంది. ఆవిడ మొదటి రెక్క అతికించి, గొట్టాన్ని కిటికీ దగ్గర నిలబెట్టి డ్యూటీకి పోయింది. తిరిగి వచ్చేసరికి రాకెట్ మొత్తం తయారై, ఎర్రరంగు కూడా పూసుకుని బల్ల మీద నిలబడి ఉంది. ఆయన పక్కనే కూర్చుని మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాడు.

"నీకెందుకు శ్రమ అని నేనే కానిచ్చేశా," అన్నాడు.

ఆవిడకు తన కంచంలోది ఎవరో బాగా నమిలి, ఇక మింగడమే నీ పని అని నోటికి అందిస్తున్నట్టు అనిపించింది. అది ప్రేమే అని తెలుసు. తెలిసినకొద్దీ ఇంకా రోత పుట్టింది.

మర్నాడు చెప్పకుండా వెళ్ళి అదే కిట్టు ఇంకొకటి కొంది. బేకరీలో బట్టలు మార్చుకునే గదిలో, పిండి బస్తాల వెనక దాచి, టీ తాగే విరామాల్లో ఒక్కొక్క రెక్కే అతికించింది. ఒకటి కాస్త పక్కకు ఒరిగింది. ఒరిగితే ఒరిగిందిలే అనుకుంది. పారాచూట్ మడిచేటప్పుడు పౌడర్ మాట గుర్తొచ్చింది. ఆ గదిలో పౌడర్ ఎక్కడిది? ముద్దలు చేతికి అంటకుండా ఇన్నేళ్ళుగా చల్లుతున్నది పిండే కదా. గుప్పెడు తీసి ధారాళంగా చల్లింది.

ఆదివారం మైదానానికి చెల్లెలు కూడా వచ్చింది. ముందు ఆయన ఎర్ర రాకెట్టే లేచింది. ఎంత తిన్నగా పోయిందో, అంత చక్కగా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. అది నిజంగా బాగుందని ఆవిడ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది, అందుకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత సంచిలోంచి రంగులేని తన గొట్టాన్ని తీసి నిలబెట్టింది. ఆయన నోరు వెళ్ళబెట్టాడు. వెంటనే తేరుకుని రాకెట్ ఎగరేసే బటన్ వైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చేరేలోపే ఆవిడ నొక్కేసింది.

రాకెట్ ఒక పక్కకు వంగి, గిరగిరా తిరుగుతూ, అయినా పైకే పోయింది. ముక్కు ఊడింది. తెల్లటి ముద్ద ఒకటి బయటికి వచ్చి, ముద్దగానే ఉండిపోయింది. రాకెట్ రాయిలా వచ్చి నేల మీద పడింది.

బేకరీ పొయ్యిల ఆవిరికి పిండి తడిసి, మడతల మధ్య జిగురైపోయింది. వాటిని వేళ్ళతో విడదీస్తుంటే ఆవిడకు నవ్వొచ్చింది. ఒరిగిన రెక్క విరిగి చేతిలోకి వచ్చింది. ఇంతలో ఆయన వచ్చేశాడు.

"పిండి చల్లావా? ఎవరైనా పిండి చల్లుతారా? ఇటివ్వు, సాయంత్రానికి కొత్తదానిలా చేసిస్తా."

ఆ గోళ్ళలో ఎర్రరంగు ఇంకా పోలేదు.

"ఇవ్వను."

"అది కాదే, విరిగింది కదా."

"విరిగింది. నేనే విరగ్గొట్టుకున్నా. నేనే అతికించుకుంటా. ముందు ఆ చెయ్యి తీయండి."

ఆయన చెయ్యి తీయలేదు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఆవిడ గొట్టాన్ని చంకన పెట్టుకుని, విరిగిన రెక్కను కొంగులో ముడేసుకుని రోడ్డు వైపు నడిచింది.

"ఎక్కడికక్కా?" అంది వెనక నుంచి చెల్లెలు.

"పౌడర్ కొనుక్కోవాలి."